బొమ్మలతో తీర్చుకున్న బాకీ

డిసెంబరు వచ్చిందంటే ఎవరి లెక్కలు వాళ్లు చూసుకుంటారు. ఏం సంపాదించాం, ఎంత మిగిలింది, ఎవరి దగ్గర నుంచి ఎంత రావాలి... ఇవే ఆలోచనలు. 1889 చివర్లో విన్సెంట్ వాన్ గో కూడా ఓ లెక్క చూసుకున్నాడు. అందులో రావలసినవి ఏమీ లేవు. ఉన్నవన్నీ ఇవ్వాల్సిన బాకీలే! తనకు బొమ్మలు వేయడం నేర్పిన వాళ్లకు పడిన బాకీలు. మతి ఎప్పుడు తప్పుతుందోనన్న భయం వెంటాడుతుంటే, ఆసుపత్రి గదిలో కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా తీర్చుకున్నాడు.

కమ్మీల కిటికీ

దక్షిణ ఫ్రాన్సులో సెయింట్ రెమీ అనే చిన్న ఊరు. ఊరి బయట పాతకాలపు క్రైస్తవ మఠం. అప్పటికే దాన్ని మానసిక రోగుల ఆసుపత్రిగా మార్చేశారు. 1889 మే 8న ఎర్రగడ్డం, తెగిన ఎడమ చెవితో ఉన్న ఓ డచ్చి చిత్రకారుడు అక్కడ చేరాడు. అతణ్ని ఎవరూ కట్టేసి తీసుకురాలేదు. తన జబ్బు సంగతి తనకు తెలుసు. అందుకే తానే ఒప్పుకుని వచ్చాడు. అప్పటికి అతని వయసు 36 ఏళ్లు.

అంతకు అయిదు నెలల ముందు జరిగిన కథ చాలామందికి తెలిసిందే. ఆర్ల్ పట్టణంలో పసుపు రంగు వేసిన ఓ ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. చిత్రకారులంతా కలిసి ఉండి పని చేసుకోవాలన్నది అతని కల. 1888 అక్టోబరులో పాల్ గోగాన్ వచ్చాడు. రెండు నెలలైనా గడిచీ గడవకముందే ఇద్దరికీ చెడింది. డిసెంబరు 23 రాత్రి విన్సెంట్ తన చెవి తానే కోసుకున్నాడు. ఆ తర్వాత కోలుకోవడం, మళ్లీ పడిపోవడం... చివరికి సెయింట్ రెమీ.

ఆసుపత్రిలో చాలా గదులు ఖాళీగా ఉండేవి. దాంతో విన్సెంట్‌కు పడుకోవడానికి ఒకటి, బొమ్మలు వేసుకోవడానికి మరొకటి ఇచ్చారు. పడకగది కిటికీకి ఇనుప కమ్మీలు. వాటిలోంచి చూస్తే చుట్టూ గోడ కట్టిన గోధుమ చేను. ఆ చేను మీదుగా రోజూ పొద్దు పొడిచేది. ఇప్పుడు ప్రపంచమంతా మగ్గుల మీద, చొక్కాల మీద వేసుకుంటున్న 'చుక్కల రాత్రి' ఆ జూన్‌లో వేసిందే.

జులైలో జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అదీ ఆరుబయట బొమ్మ వేస్తుండగానే. ఈసారి గట్టి దెబ్బ. తేరుకోవడానికి నెల దాటింది. మైకంలో ఉండగా రంగులు తీసి నోట్లో పెట్టుకున్నాడు. కోలుకున్నాక కూడా గది దాటి తోటలోకి వెళ్లాలంటే భయమే. బయటికి వెళ్లకపోతే పొలాలు లేవు, చెట్లు లేవు. ఎదురుగా కూర్చునే మనుషులూ లేరు. మరి ఏం వేయాలి?

అప్పుడు గుర్తొచ్చాయి, తన దగ్గరున్న అచ్చు బొమ్మలు.

చెప్పులు విప్పాల్సిన చోటు

ఆ అచ్చు బొమ్మల్లో ఎక్కువ ఫ్రెంచి చిత్రకారుడు మిలేవి. జాఁ ఫ్రాన్సువా మిలే 1814లో నార్మండీలో ఓ రైతు కుటుంబంలో పుట్టాడు. రాజులు, దేవతలు, యుద్ధాలు మాత్రమే పెద్ద బొమ్మలకు తగినవని అందరూ అనుకుంటున్న రోజుల్లో, అతను విత్తనాలు చల్లే రైతును వేశాడు. పరిగె ఏరుకునే ఆడవాళ్లను వేశాడు. నడుం వాల్చిన కూలీలను వేశాడు.

విన్సెంట్ మిలేని ఎన్నడూ చూడలేదు. 1875 జనవరిలో మిలే చనిపోయేనాటికి విన్సెంట్‌కు 21 ఏళ్లు. గూపిల్ అనే బొమ్మల వ్యాపార సంస్థలో ఉద్యోగి. ఆ జూన్‌లో పారిస్‌లో మిలే గీసిన బొమ్మలను వేలానికి పెట్టారు. విన్సెంట్ వెళ్లి చూశాడు. ఆ హాల్లో అడుగుపెట్టగానే, ఇది పవిత్రమైన చోటు, చెప్పులు విప్పి నిలబడాలి అనిపించిందట. ఆ మాట తమ్ముడు థియోకు ఉత్తరంలో రాశాడు. గుడి ముందు చెప్పులు విడిచే అలవాటున్న మనకు ఆ భావం వేరే వివరించక్కర్లేదు.

మరుసటేడు ఉద్యోగం పోయింది. ఇంగ్లండులో బడిపంతులుగా చేశాడు. పుస్తకాల దుకాణంలో పని చేశాడు. తండ్రిలా మతబోధకుడు కావాలని చదువు మొదలుపెట్టి మధ్యలో మానేశాడు. బెల్జియం బొగ్గు గనుల ప్రాంతంలో బోధకుడిగా వెళ్లి, ఉన్న బట్టలు కూలీలకు పంచి గడ్డి మీద పడుకున్నాడు. అది మరీ అతి అనుకున్నారేమో, పెద్దలు ఆ పని కూడా కొనసాగించనివ్వలేదు. చేపట్టింది ఏదీ నిలవలేదు. 1880లో, 27 ఏళ్ల వయసులో, ఇక బొమ్మలే వేస్తానని నిర్ణయించుకున్నాడు.

ఇంతకీ మొదట చేసిన పని ఏమిటో తెలుసా? మిలే అచ్చు బొమ్మలు కావాలని తమ్ముణ్ని అడిగి తెప్పించుకున్నాడు. వాటిని ముందు పెట్టుకుని, చేయి తిరిగేదాకా గీశాడు. విత్తనాలు చల్లే రైతునైతే ఎన్నిసార్లు గీశాడో! బడి లేదు, పంతులు లేడు. ద్రోణుడి మట్టిబొమ్మ ముందు విల్లు పట్టిన ఏకలవ్యుడి కథే ఇది. కాకపోతే ఇక్కడ మట్టిబొమ్మకు బదులు నలుపు తెలుపు కాగితాలు.

అచ్చు బొమ్మ చూసి నేర్చుకోవడం ఏమిటని తేలిగ్గా తీసేయకూడదు. రవివర్మ తైలవర్ణ చిత్రాలను కళ్లారా చూసినవాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? గోడకు వేలాడే పటాల్లో, క్యాలెండర్లలో చూసి పెరిగినవాళ్లే ఎక్కువ. అసలు బొమ్మ ఉండేది ఒకచోటే. అచ్చు ఇంటింటికీ వస్తుంది.

తొమ్మిదేళ్లు గడిచాయి. ఆసుపత్రి గదిలో విన్సెంట్ మళ్లీ అవే బొమ్మలను ముందు పెట్టుకున్నాడు. మొదటిసారి చేయి తిప్పుకోవడం కోసం. ఈసారి మనసు కూడగట్టుకోవడం కోసం.

ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పాఠం

బాకీల పద్దులో మిలే ఒక్కడే లేడు. ఇంకా చాలామంది ఉన్నారు.

అందులో ఆంటన్ మావ్ ఒకడు. అమ్మ తరఫు బంధువుల అమ్మాయిని పెళ్లాడిన పేరున్న చిత్రకారుడు. 1881 చివర్లో విన్సెంట్‌కు నీటిరంగులు, తైలవర్ణాలు వాడటం దగ్గర కూర్చోబెట్టుకుని చూపించాడు. కొన్ని నెలలకే ఇద్దరికీ పడకుండా పోయింది. అయినా 1888లో మావ్ చనిపోయాడన్న కబురు అందగానే, విన్సెంట్ అప్పుడే వేసిన పూచిన పీచ్ చెట్ల బొమ్మ మీద మావ్ జ్ఞాపకార్థం అని రాసి అతని భార్యకు ఇప్పించాడు. గొడవ గొడవే, గురువు గురువే.

రెంబ్రాంట్ మరొకరు. 1885లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో 'యూదు వధువు' చిత్రం ముందు విన్సెంట్ అలాగే కూర్చుండిపోయాడు. ఓ ఎండు రొట్టెముక్కతో రెండు వారాలపాటు ఈ బొమ్మ ముందు కూర్చోనిస్తే నా ఆయుష్షులో పదేళ్లు ఇచ్చేస్తానన్నాడని, వెంట వెళ్లిన స్నేహితుడు తర్వాత గుర్తుచేసుకున్నాడు.

రంగుల పాఠం చెప్పింది డెలాక్రా. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నీలం పక్కన నారింజ, పసుపు పక్కన ఊదా పెడితే రెండూ ఒకదాన్నొకటి వెలిగిస్తాయి. 1885 నాటికే విన్సెంట్ ఆ సూత్రం గురించి పుస్తకాల్లో చదివాడు. అదే ఏడాది వేసిన 'బంగాళదుంపలు తినేవాళ్లు' చూస్తే మాత్రం అంతా మట్టిరంగే! 1886లో పారిస్ వెళ్లి, అక్కడి కుర్ర చిత్రకారుల మధ్య తిరిగాకే ఆ సూత్రం చేతిలోకి వచ్చింది.

ఇక జపాన్. ఆ దేశపు చెక్క అచ్చుల బొమ్మలు అప్పట్లో పారిస్‌లో చవగ్గా దొరికేవి. అన్నదమ్ములిద్దరూ వందల్లో పోగేశారు. 1887లో హిరోషిగే వేసిన వంతెన మీద వాన, పూచిన రేగు తోట బొమ్మలను విన్సెంట్ నూనె రంగుల్లో మళ్లీ వేశాడు. నీడలు లేని చదునైన రంగు, నల్లటి అంచు గీత, బొమ్మ మధ్యకు అడ్డంగా వచ్చే చెట్టుకొమ్మ... ఇవన్నీ అక్కడినుంచి వచ్చినవే. దక్షిణాదికి రావడానికి కూడా అదే కారణం. ఆర్ల్ వెలుతురులో అతనికి జపాన్ కనిపించింది. నిజం జపాన్‌ను మాత్రం ఎప్పుడూ చూడలేదు.

నకలు కాదు... అనువాదం

సెయింట్ రెమీలో 1889 సెప్టెంబరు నుంచి మరుసటి మే దాకా ఇలా పాత చిత్రకారుల బొమ్మల ఆధారంగా వేసినవి దాదాపు ముప్పై. వాటిలో ఇరవై దాకా మిలేవే.

మొదటివాటిలో ఒకటి డెలాక్రా 'పియెటా'. చనిపోయిన క్రీస్తును తల్లి మరియ పట్టుకున్న దృశ్యం. దాని వెనుక చిన్న ప్రమాదం ఉంది. విన్సెంట్ దగ్గరున్న ఆ అచ్చు కాగితం రంగుల్లో పడి పాడైపోయింది. ఎంతో ఇష్టపడి దాచుకున్నది. ఆ బాధలోనే దాన్ని తానే మళ్లీ వేశాడు. అందులో క్రీస్తుకు ఎర్రటి గడ్డం ఉంటుంది. అది విన్సెంట్ ముఖమే అంటారు చాలామంది కళావిమర్శకులు.

మిలే బొమ్మలు వేసిన తీరు ఇంకా ఆసక్తికరం. ముందున్నది నలుపు తెలుపు అచ్చు. అందులో గీత ఉంది, నీడ ఉంది. రంగు లేదు. ఏ రంగు వేయాలన్నది పూర్తిగా వేసేవాడి చేతిలోనే. 'తొలి అడుగులు' బొమ్మకైతే మిలే చిత్రం ఫొటో మీద గళ్లు గీసి, ఆ గళ్ల ప్రకారం కాన్వాసు మీదికి పెంచాడు. మన ఊళ్లలో సినిమా బ్యానర్లు రాసిన ఆర్టిస్టులు వాడిన పద్ధతే! గీత మిలేది. రంగు, కుంచె విసురు విన్సెంట్‌వి.

ఈ పని మీద ఎదురయ్యే ప్రశ్న అతనికీ తెలుసు. ఇది నకలు కొట్టడం కాదా? సెప్టెంబరులో థియోకు రాసిన ఉత్తరంలో దానికి జవాబు చెప్పుకున్నాడు. ఒకరు కట్టిన సంగీతాన్ని మరొకరు వాయిస్తే తప్పు పట్టంగా, బొమ్మల విషయంలో మాత్రం ఎందుకు పట్టాలి అన్నది అతని వాదన. బీథోవెన్ రచనను వాయించేవాడు తన సొంత భావం కూడా కలుపుతాడు. తన వేళ్ల మధ్య కుంచె కూడా వయొలిన్ కమానులా కదులుతోందని రాశాడు. ఆ తర్వాత మరో మాట కూడా అన్నాడు. ఇది నకలు తీయడం కాదట, నలుపు తెలుపు భాషలో ఉన్నదాన్ని రంగుల భాషలోకి అనువదించడమట.

త్యాగరాజ కీర్తన పాడే విద్వాంసుణ్ని నకలు కొట్టాడని మనం అంటామా? రాగం, సాహిత్యం ఆ వాగ్గేయకారుడివి. గొంతు, గమకం, మనోధర్మం పాడేవాళ్లవి. విన్సెంట్ చెప్పినదాన్ని మన చెవికి పట్టించుకోవాలంటే ఇంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

ఏడాది మారే రోజుల్లో వేసిన 'మధ్యాహ్నపు కునుకు' చూడండి. కోత మధ్యలో ఆగి, గడ్డివాము నీడలో ఆలుమగలిద్దరూ పడుకుని ఉంటారు. పక్కనే విడిచిన చెప్పుల జత, రెండు కొడవళ్లు. మిలే దాన్ని ప్రశాంతంగా వేశాడు. విన్సెంట్ వేసేసరికి గడ్డి పసుపు మంటలా వెలిగిపోతుంటుంది. పైన ఆకాశం, మనుషుల బట్టలు చల్లటి నీలం. మండుటెండ, ఆ ఎండలో దొరికిన కాస్త నీడ... రెండూ ఒకేసారి తెలుస్తాయి. వేసింది మాత్రం నడిచలికాలంలో, కమ్మీల గదిలో!

గండం గడిచే నెల

చలికాలంలో జబ్బు మళ్లీ రావచ్చని సెప్టెంబరులోనే థియోకు రాశాడు విన్సెంట్. డిసెంబరు దగ్గరపడేకొద్దీ ఆ భయం ఉండనే ఉంది. అయినా కాస్త ధైర్యం చేసి బయటికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి చుట్టూ ఆలివ్ తోటలు. అది కాయలు కోసే కాలం. నిచ్చెన వేసుకుని కాయలు కోస్తున్న ఆడవాళ్లను ఒకటి కాదు, మూడు కాన్వాసుల మీద వేశాడు. అందులో ఒకటి అమ్మకు, చెల్లికి.

ఆ ఆలివ్ తోటల వెనుక ఓ తగాదా కూడా ఉంది. గోగాన్, ఎమిల్ బెర్నార్డ్ ఇద్దరూ ఆలివ్ తోటలో వేదన పడుతున్న క్రీస్తును ఊహించి బొమ్మలు వేశారు. విన్సెంట్‌కు అది నచ్చలేదు. వేదన చూపించాలంటే క్రీస్తే కావాలా, అదే తోటను ఉన్నదున్నట్టు చూసి వేస్తే చాలదా అన్నది అతని మాట. నవంబరు చివర్లో బెర్నార్డ్‌కు ఘాటుగానే రాశాడు. ఊహల్లోంచి నేల మీదికి రమ్మని పోరుతూ, ఉదాహరణగా చూపించింది మళ్లీ మిలేనే.

క్రిస్మస్ ముందు అమ్మకు, చెల్లెలు విల్‌కు ఉత్తరం రాశాడు. గతం పదేపదే గుర్తొస్తోందని, తన తప్పులకు తనను తానే నిందించుకుంటున్నానని అందులో ఉంది. అమ్మానాన్నలు తనకోసం మిగతా పిల్లలకన్నా ఎక్కువే చేశారని ఒప్పుకున్నాడు. తండ్రి పోయి అప్పటికి నాలుగేళ్లు దాటింది. బతికున్నప్పుడు ఆయనతో విన్సెంట్‌కు పొసగలేదు. గురువుల బాకీ అయితే రంగులతో తీర్చుకోవచ్చు. ఈ బాకీ తీర్చే దారి అతనికి కనిపించలేదు.

ఆ ఉత్తరం రాసిన వెంటనే భయపడినంతా జరిగింది. చెవి కోసుకుని సరిగ్గా ఏడాది తిరిగేసరికి, డిసెంబరు 23, 24 తేదీల ప్రాంతంలో జబ్బు మళ్లీ విరుచుకుపడింది. ఈసారీ రంగులు మింగబోయాడు. దాదాపు వారం రోజులు మనిషి మనిషిలో లేడు. కబురు తెలిసి తల్లడిల్లిన థియో, కొన్నాళ్లు రంగుల జోలికి పోకుండా మామూలుగా గీసుకోవడం మంచిదని సలహా ఇచ్చాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఏ రంగుల వల్ల అతను బతుకుతున్నాడో, జబ్బు వచ్చినప్పుడు అవే విషమవుతున్నాయి. వాటిని దూరం పెడితే ప్రాణం భద్రం. కానీ రంగులు లేకపోతే ఆ ప్రాణంతో చేసేదేముంది? కొత్త సంవత్సరం రాగానే కాస్త తెప్పరిల్లి, మళ్లీ కుంచె పట్టుకున్నాడు.

పొగడ్త వస్తే పంచేశాడు

1890 జనవరి. పదేళ్లుగా ఎవరికీ పట్టని మనిషి పేరు ఒక్కసారిగా వినిపించడం మొదలైంది. బ్రస్సెల్స్‌లో 'ఇరవై మంది' అనే కళాకారుల బృందం ఏర్పాటు చేసిన ప్రదర్శనలో విన్సెంట్ బొమ్మలు ఆరు పెట్టారు. అందులో 'ఎర్ర ద్రాక్షతోట'ను అన్నా బాక్ అనే చిత్రకారిణి 400 ఫ్రాంకులకు కొంది. బతికుండగా అతనికి అమ్ముడైన ఒకే ఒక్క బొమ్మ ఇదేనని తరచూ చెబుతుంటారు. అది పూర్తిగా నిజం కాదు. 1882లోనే కోర్ బాబాయి హేగ్ నగర దృశ్యాలు గీయించుకుని డబ్బులిచ్చాడు. అయినా మొత్తంగా చూస్తే అమ్మకాలు వేళ్ల మీద లెక్కపెట్టేటంతే.

అదే నెలలో పారిస్ పత్రికలో ఆల్బెర్ ఆరియే అనే యువ విమర్శకుడు విన్సెంట్ మీద పెద్ద వ్యాసం రాశాడు. ఎవరితోనూ పోల్చలేని ఒంటరి మేధావి అన్నట్టుగా ఆకాశానికెత్తాడు.

ఇన్నాళ్లకు వచ్చిన పొగడ్త. ఇంకొకరైతే ఆ పత్రికను పదిమందికీ చూపించుకుని మురిసిపోదురు. విన్సెంట్ ఏం చేశాడు? కృతజ్ఞతలు చెబుతూనే, ఈ మాటలు తనకు కాదు, ముందు మాంటిచెల్లీకి చెందాలని ఆరియేకు జవాబు రాశాడు. 1886లో కన్నుమూసిన మార్సెయ్ చిత్రకారుడు మాంటిచెల్లీ. రంగును ముద్దలుగా, దళసరిగా పెట్టడం విన్సెంట్ అతని బొమ్మలు చూసే నేర్చుకున్నాడు. ఆ తర్వాత గోగాన్ పేరు. ఏ మనిషితో గొడవపడిన రాత్రి చెవి కోసుకున్నాడో ఆ మనిషి! అతనికి తాను ఎంతో రుణపడి ఉన్నానని రాశాడు. ఆ ఉత్తరంతోపాటు ఆరియేకు ఓ సరుగుడు లాంటి సైప్రస్ చెట్ల బొమ్మ కూడా కానుకగా ఇస్తానన్నాడు.

ఇది వినయం నటించడం కాదనడానికి సాక్ష్యం ఆ గదిలోనే ఉంది. పత్రికలో వ్యాసం రావడానికి నాలుగు నెలల ముందు నుంచే అతను తన పెద్దల బొమ్మలు ఒక్కొక్కటే వేసుకుంటున్నాడు. అప్పుడు అతణ్ని పొగిడేవాళ్లు గానీ, అతని వినయాన్ని చూసేవాళ్లు గానీ అక్కడెవరూ లేరు.

తొలి అడుగులు

పారిస్‌లో థియో భార్య జొహానా అప్పటికి నిండు చూలాలు. ఆ జనవరిలోనే విన్సెంట్ మిలే 'తొలి అడుగులు' వేశాడు. పెరట్లో పని చేసుకుంటున్న తండ్రి పార నేల మీద పడేసి, మోకాలి మీద కూర్చుని రెండు చేతులూ చాచాడు. అవతల వంగిన తల్లి చేతుల మధ్య నుంచి బుజ్జిపాపాయి మొదటి అడుగు వేయబోతోంది. చుట్టూ లేత ఆకుపచ్చ, మెత్తటి నీలం. ఆ గదిలో పుట్టిన బొమ్మలన్నింటిలోకీ ఇంత చల్లనిది మరొకటి కనిపించదు.

జనవరి 31న థియోకు కొడుకు పుట్టాడు. అన్న పేరే పెట్టుకున్నాడు, విన్సెంట్ విల్లెమ్ అని. పెదనాన్న ఆ పసివాడి కోసం నీలి ఆకాశం మీద తెల్లగా విరబూసిన బాదం కొమ్మలు వేశాడు. ఆ కొమ్మలు పరుచుకున్న తీరు అచ్చంగా జపాన్ పద్ధతే. అలా కొత్తగా పుట్టిన బిడ్డకు ఇచ్చిన కానుకలోనూ ఓ పాత గురువు బాకీ ఉంది.

ఆ వెంటనే జబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి రెండు నెలలు. మే 16న సెయింట్ రెమీ వదిలి ఉత్తరాదికి వెళ్లిపోయాడు. పారిస్ దగ్గర ఓవేర్‌లో జులై 29న, తనను తాను కాల్చుకున్న గాయంతో థియో చేతుల్లోనే కన్నుమూశాడు. ఆరు నెలలు తిరగకుండానే, 1891 జనవరి 25న థియో కూడా పోయాడు.

చంకలో ఏడాది బిడ్డ, ఇంటినిండా ఎవరూ కొనని బొమ్మలు, పెట్టెనిండా ఉత్తరాలు... జొహానాకు మిగిలినవి ఇవే. ఆమె వాటిని పారేయలేదు. ప్రదర్శనలకు పంపింది. ఉత్తరాలను వరుసలో పెట్టి 1914లో పుస్తకంగా తెచ్చింది. విన్సెంట్ రాసిన ఉత్తరాలు ఇవాళ ఎనిమిది వందలకు పైగా దొరుకుతున్నాయంటే, అతను ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో మనం ఇంత వివరంగా చెప్పుకోగలుగుతున్నామంటే అది ఆమె చలవే. బాదం పూల కానుక అందుకున్న ఆ పసివాడు పెద్దవాడై, కుటుంబం దగ్గరున్న బొమ్మలన్నీ ఒకచోట ఉండేలా చూశాడు. 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియం తెరిచారు.

ఇవాళ ప్రపంచం విన్సెంట్‌ను ఎవరికీ సాటిరాని చిత్రకారుడంటుంది. అతనేమో, తనకన్నా ముందు నడిచినవాళ్ల పేర్లు చెప్పుకోనిదే తన పేరు చెప్పుకోలేదు. రంగులు చేతికిస్తే ప్రాణానికే ముప్పన్న రోజుల్లో కూడా అతను ఆ రంగులతో చేసిన పని అదే. ఈ డిసెంబరులో ఇంట్లో పిల్లలు చూసి గీసిన బొమ్మ తెచ్చి చూపిస్తే, ఇది చూసి గీసిందేగా అని తేలిగ్గా తీసేయకండి. ఎవరిది చూసి గీశావు, అందులో ఏం నచ్చింది అని అడగండి. ఆ జవాబులో వాళ్ల మొదటి గురువు పేరు ఉంటుంది.

ఏ బొమ్మ ఎక్కడుంది?

పియెటా (డెలాక్రా ఆధారంగా), బాదం పూలు: వాన్ గో మ్యూజియం, ఆమ్‌స్టర్‌డామ్

మధ్యాహ్నపు కునుకు (మిలే ఆధారంగా): ఓర్సే మ్యూజియం, పారిస్

తొలి అడుగులు (మిలే ఆధారంగా): మెట్రోపాలిటన్ మ్యూజియం, న్యూయార్క్

ఖైదీల నడక (డోరే ఆధారంగా), ఎర్ర ద్రాక్షతోట: పుష్కిన్ మ్యూజియం, మాస్కో

తాగుబోతులు (డోమియే ఆధారంగా): ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, షికాగో

చుక్కల రాత్రి: మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, న్యూయార్క్